ఆడినవాడు బొమ్మ వేస్తే ఏం మారుతుంది?

కావలి అవతల ఒక హైస్కూలు ప్రహరీ గోడ మీద ఆ మధ్య ఆటల బొమ్మలు వేయించారు. వేసింది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు రాకముందు నెల్లూరు ట్రంకు రోడ్డులో చాలా షాపుల పేర్లు ఆయన చేత్తో రాసినవే. ఇప్పుడు గోడ దొరికితే గోడ, గుడి దొరికితే గుడి. ఆ రోజు కబడ్డీ బొమ్మ వంతు. పేపర్లో వచ్చిన ఫొటో మీద పెన్సిల్‌తో గళ్ళు గీసుకుని, అవే గళ్ళు గోడ మీద సుద్దతో పెద్దవి చేసి, కూతకెళ్ళిన ఆటగాణ్ణి గడి గడిగా దించాడు. కండలు వచ్చాయి, చెమట మెరుపు వచ్చింది, బనీను మడతలు కూడా వచ్చాయి. వేపచెట్టు కింద కూచుని టీ తాగుతూ నేను "భలే కుదిరిందన్నా" అన్నాను.

సాయంత్రాలు పిల్లలకు కబడ్డీ నేర్పడానికి వచ్చే కుర్రాడొకడు అక్కడ ఆగాడు. యూనివర్సిటీ టీముకు ఆడినవాడు. రెండు నిమిషాలు తేరిపార చూసి, "బొమ్మ సూపరన్నా. కానీ దీనికి పాయింటు రాదు" అన్నాడు.

"ఏందబ్బయా, బొమ్మకు పాయింటేంది?"

"బోనస్ గీత దాటినట్టు వేశావు గదా. ముందు కాలు గీత అవతల పడేటప్పుడు వెనక కాలు గాల్లో ఉండాల. నువ్వు రెండు కాళ్ళూ నేల మీదే పెట్టావు. అంపైరు ఇయ్యడు."

ఫొటోలో అట్టానే ఉంది మరి, అని ఆర్టిస్టు పేపరు చూపించాడు. నిజంగానే అలాగే ఉంది. ఫొటో అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది పట్టుకున్నది బోనస్ క్షణం కాదు, దాని తరవాతి క్షణం. కుర్రాడు కింద పడున్న ఇటుక పెంకు తీసుకుని సిమెంటు చప్టా మీద నాలుగు గీతలు గీశాడు. తలకు ఒక సున్నా, వెన్నుకు ఒక వాలు గీత, ముందుకు చాపిన కాలు ఒకటి, వెనక గాల్లోకి మడిచిన కాలు ఒకటి. బొమ్మగా చూస్తే ఐదో తరగతి పిల్లలు ఇంతకంటే బాగా వేస్తారు. కానీ ఆ పుల్లల మనిషికి బరువుంది. ఆ ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలడో, ఏ భుజం తిప్పి వెనక్కి దూకబోతున్నాడో తెలిసిపోతోంది. గోడ మీది కండల వీరుడిలో లోపించింది అదే.

పెద్ద స్థాయిలో ఆటలాడుతూనే బొమ్మలు వేసి, శిల్పాలు చెక్కి, ప్రదర్శనలు పెట్టినవాళ్ళు ప్రపంచంలో కొందరున్నారు. వాళ్ళ మాట వచ్చినప్పుడు మన దగ్గర రెండే స్పందనలు. "అబ్బ, ఎంత టాలెంటు, రెండూ వచ్చు" అన్నది ఒకటి. "పేరుంది గదా, ఏం గీసినా కొంటారులే" అన్నది రెండోది. రెంటిలోనూ కాస్త నిజం ఉంది. చిక్కేమిటంటే, ఒకప్పటి ఒలింపిక్ పతకాల చరిత్ర, వేలంలో పలికే డబ్బు, ఆ కుర్రాడి ఇటుక గీతల్లాంటి ఒంటి జ్ఞానం - ఈ మూడూ ఒకే ముడిలో బిగుసుకుపోయాయి. ముడి విప్పితే గానీ ఏ పోగు ఎటు పోతోందో తెలియదు.

బొమ్మలకూ బంగారు పతకాలు

ముందు పతకాల సంగతి, ఎందుకంటే చెప్పినా చాలామంది నమ్మరు. 1912 నుంచి 1948 దాకా ఒలింపిక్స్‌లో కళలకు పతకాలిచ్చారు. ఆధునిక ఒలింపిక్స్‌ను మొదలుపెట్టిన ఫ్రాన్స్ దేశస్థుడు పియర్ ద కూబెర్తాన్‌కు, ఒలింపిక్స్ అంటే ఉత్త పరుగు పందేలు కాకూడదని పట్టుదల. 1906లో పారిస్‌లో సమావేశం పెట్టి ఆ సంగతి అందరి ముందూ పెట్టాడు. 1912 స్టాక్‌హోమ్ క్రీడల్లో వాస్తుశిల్పం, సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం అనే ఐదింటికి పోటీలు మొదలయ్యాయి. పంపేది ఆటల మీద చేసినదై ఉండాలి, అంతకుముందు ఎక్కడా బయటపెట్టనిదై ఉండాలి. ఆ మొదటి ఏడాది సాహిత్యంలో బంగారు పతకం క్రీడను కీర్తించిన ఒక కవితకు వచ్చింది. రాసినవాళ్ళుగా రెండు పేర్లున్నాయి. రెండూ కూబెర్తాన్ మారుపేర్లే. పోటీ పెట్టిందీ ఆయనే, రాసిందీ ఆయనే, గెలిచిందీ ఆయనే. మన వీధి ముగ్గుల పోటీలో ఇలా జరిగుంటే ఎంత రభస అయ్యేదో ఊహించుకోండి.

రాన్రాను ఇవి చిన్న వ్యవహారంగా మిగల్లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో పదకొండు వందలకు పైగా కళాఖండాలు ప్రదర్శించారు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన ప్రదర్శనను చూడటానికి దాదాపు 3,84,000 మంది వచ్చారు. ఐర్లండ్ స్వతంత్ర దేశమయ్యాక దానికి దక్కిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం పరుగుకు కాదు, బొమ్మకు. 1924లో జాక్ బట్లర్ యేట్స్, డబ్లిన్ నదిలో ఈత పందేన్ని జనం ఒడ్డు నుంచి వంగి చూస్తున్నట్టు వేసి వెండి పతకం తెచ్చాడు. అయితే యేట్స్ ఈతగాడు కాడు, చూసినవాడు. ఆ పోటీలకు పంపినవాళ్ళలో ఎక్కువమంది అలా చూసినవాళ్ళే.

మొత్తం 150 దాకా పతకాలిస్తే, ఆటలోనూ కళలోనూ పతకం గెలిచినవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

ఒకరు వాల్టర్ వైనన్స్. అమెరికన్ పౌరుడే గానీ రష్యాలో పుట్టి ఇంగ్లండులో బతికాడు. 1908 లండన్‌లో పరుగెత్తే జింక బొమ్మను తుపాకీతో కొట్టే పోటీలో బంగారం, 1912లో అలాంటి పోటీలోనే జట్టుతో కలిసి వెండి. అదే 1912లో, బండి లాగే పందెపు గుర్రం కంచు శిల్పానికి బంగారం. ఈయనకు గుర్రాల పిచ్చి. 1920లో లండన్‌లో గుర్రబ్బండి పందెం తోలుతూనే కూలిపోయి చనిపోయాడు.

వైనన్స్ కథ చదివినప్పుడల్లా నాకు మన బండలాగుడు పోటీల ఫ్లెక్సీలు గుర్తొస్తాయి. మన ఒంగోలు జాతి బ్రెజిల్ దాకా వెళ్ళి అక్కడ 'నెలోరె' అనే పేరుతో, అంటే మన నెల్లూరు పేరుతోనే, కోట్లలో పెరిగింది. అంత ఘనమైన ఎద్దును మనం పోటీ ఫ్లెక్సీ మీద ఎలా వేస్తామో చూడండి. కొమ్ములు నిక్కించి, మూపురం ఎత్తి, పెళ్ళి ఫొటోకు నిలబడ్డట్టు. బండ లాగేటప్పుడు ఎద్దు అలా ఉంటుందా? మెడ కిందికి దిగుతుంది, గిట్టలు మట్టిలోకి దిగబడతాయి, వెనక తొడలు వణుకుతాయి, వెన్ను విల్లులా వంగుతుంది. పాలపళ్ళ జత ఎలా గుంజుతుందో, ఆరుపళ్ళ జత ఎలా గుంజుతుందో తోలేవాడికి చీకట్లో కూడా తెలుసు. బొమ్మ వేసేవాడికి మాత్రం ఫొటోలో నిలబడ్డ ఎద్దే తెలుసు. వైనన్స్ పగ్గాలు పట్టినవాడు కాబట్టి ఆ శిల్పం గొప్పది అని నేననను. పగ్గం ఎక్కడ బిగుసుకుంటుందో ఎవరినీ అడగాల్సిన పని ఆయనకు లేదు, అంతవరకే.

రెండో మనిషి ఆల్ఫ్రెడ్ హాయోష్, హంగరీవాడు. ఈయన కథ నాకు ఇంకా ఇష్టం. పదమూడేళ్ళప్పుడు తండ్రి డాన్యూబ్ నదిలో మునిగి చనిపోయాడు. ఆ పిల్లాడు ఈత నేర్చుకున్నాడు. 1896లో ఏథెన్స్‌లో మొట్టమొదటి ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి వయసు 18. అప్పట్లో ఈత పోటీలంటే కొలను లేదు, సముద్రమే. చన్నీళ్ళకు తట్టుకోడానికి ఒంటికి గ్రీజు పూసుకుని దిగాడు. 100 మీటర్లలో, 1200 మీటర్లలో రెండు బంగారు పతకాలు. తరవాత ఆర్కిటెక్టు అయ్యాడు. 1924 పారిస్‌లో, దెజో లౌబర్ అనే సహచరుడితో కలిసి వేసిన స్టేడియం ప్లానుకు వాస్తుశిల్పంలో వెండి వచ్చింది. ఆ ఏడు ఆ విభాగంలో బంగారం ఎవరికీ ఇవ్వలేదు. 1930లో బుడాపెస్ట్ నగరం మధ్య మార్గరెట్ దీవిలో ఈత కొలను భవనం కట్టాడు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. చలి సముద్రంలో కొట్టుకుంటూ ఈదినవాడు ఊరికి కప్పున్న కొలను కట్టిపెట్టాడు. నన్నడిగితే ఆ పతకం కంటే ఈ కొలనే పెద్దది.

పతకాలు ఎందుకు ఆగిపోయాయి?

కళ నాసిగా ఉందని ఆపారనుకుంటాం. కొన్నిసార్లు న్యాయనిర్ణేతలు పతకం ఇవ్వకుండా వదిలేసిన మాట నిజమే. కానీ అసలు కారణం డబ్బు. ఇంకా సరిగా చెప్పాలంటే, డబ్బు తీసుకోకూడదన్న రూలు.

అప్పటి ఒలింపిక్స్‌కు 'అమెచ్యూర్' అన్న మాట ప్రాణం. ఆటను ప్రేమకోసం ఆడాలి, పొట్టకోసం ఆడకూడదు. వినడానికి చక్కగా ఉంటుంది. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి ఇంకా చక్కగా ఉంటుంది. కూలికెళ్ళి బతికేవాడికి మాత్రం అది మూసిన గేటు. అదే 1912 స్టాక్‌హోమ్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన అమెరికన్ ఆదివాసి జిమ్ థోర్ప్, అంతకుముందు బేస్‌బాల్ ఆడి కాస్త డబ్బు తీసుకున్నాడని బయటపడింది. పతకాలు లాక్కున్నారు. ఆయన చనిపోయిన దాదాపు ముప్పై ఏళ్ళకు గానీ తిరిగి ఇవ్వలేదు.

ఈ రూలును బొమ్మలు వేసేవాళ్ళకు పెట్టి చూడండి. మంచి చిత్రకారుడు ఎవడైనా బొమ్మలు అమ్ముకునే బతుకుతాడు. అమ్మకపోతే రంగులెలా కొంటాడు? 1948 లండన్ క్రీడల తరవాత ఒలింపిక్ సంఘం లెక్క చూసుకుంటే, కళల పోటీల్లో ఉన్నవాళ్ళంతా దాదాపు వృత్తి కళాకారులే. ఒలింపిక్ పతకం చూపించి బొమ్మ ధర పెంచుకుంటారని భయం పట్టుకుంది. అమెచ్యూర్ నియమానికి గట్టి కాపలాదారు, 1952 నుంచి ఇరవై ఏళ్ళు ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఏవరీ బ్రండేజ్ కళల పోటీలంటే ససేమిరా అన్నాడు. తమాషా ఏమిటంటే, 1932 సాహిత్య పోటీలో ఈయనా ఒక వ్యాసం పంపి ప్రోత్సాహక గుర్తింపు పొందినవాడే. మొత్తానికి 1952 హెల్సింకీ నుంచి పతకాలు పోయి ప్రదర్శనలు మిగిలాయి. అప్పటిదాకా ఇచ్చిన కళల పతకాలను దేశాల పతకాల పట్టికలోంచి తీసేశారు. వైనన్స్ గుర్రం లెక్కలో లేదు, ఆయన కాల్చిన జింక ఉంది.

ఆటల్లో అమెచ్యూర్ రూలు తరవాత తరవాత వదులైపోయింది. ఇప్పుడు కోట్లు సంపాదించే టెన్నిస్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు దర్జాగా ఒలింపిక్స్ ఆడుతున్నారు. ఏ కారణంతో కళను బయటికి పంపారో ఆ కారణమే లేదిప్పుడు. అయినా కళ పతకాల బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు. దాని బదులు 2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల క్రీడల నుంచి, ఒలింపిక్స్ ఆడినవాళ్ళలో కళాకారులైనవాళ్ళను పిలిచి అక్కడే బొమ్మలు వేయించే కార్యక్రమం పెట్టారు. 1984, 1988 క్రీడల్లో బ్రిటన్ తరఫున జావెలిన్ విసిరిన రోల్డ్ బ్రాడ్‌స్టాక్ ఆ మొదటి జట్టులో ఒకడు. పోటీ లేకపోవడమే మేలని నాకనిపిస్తుంది. పరుగుకు గడియారం ఉంది, బొమ్మకు ఏముంది?

ఆ ధర దేనికి?

డబ్బు దగ్గరికి వచ్చాం కాబట్టి ముహమ్మద్ అలీ సంగతి చూద్దాం. ఆయన తండ్రి మన గోడ ఆర్టిస్టు లాంటివాడే. లూయీవిల్ ఊళ్ళో బోర్డులు రాసేవాడు, చర్చి గోడల మీద బొమ్మలు వేసేవాడు. అలీకి గీయడం ఇంట్లోనే అబ్బింది. 2021 అక్టోబరులో న్యూయార్కులో ఆయన గీసిన రెండు డజన్ల పైచిలుకు బొమ్మలు వేలానికి వస్తే, మొత్తం కలిపి పది లక్షల డాలర్లకు దగ్గరగా పలికాయి. బాక్సింగ్ రింగు మీద 1978లో వేసిన ఒక్క బొమ్మే 4,25,000 డాలర్లు. చూస్తే అవి కార్టూన్ల లాంటి అమాయకమైన గీతలు, స్కెచ్ పెన్ను రంగులు. ఆ ధర గీతకు కాదు, పిడికిలికి. అందులో తప్పేం లేదు. ఎన్టీఆర్ వాడిన కలం అమ్మకానికి వస్తే మనవాళ్ళు కొనరా? కాకపోతే దాన్ని జ్ఞాపక వస్తువు అనాలి. కళ విలువ అనుకుంటేనే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఎర్నీ బార్న్స్‌ను పక్కన పెట్టి చూడండి. ఈయన 1960ల మొదట్లో అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగుల్లో ఆడినవాడు. లావుపాటి మొదటి వరసలో నిలబడి అవతలివాళ్ళను ఒంటితో ఆపే స్థానం. ఆయన 1976లో వేసిన డాన్సు హాలు బొమ్మ 'ద షుగర్ షాక్' 2022 మేలో వేలానికి వచ్చింది. అంచనా ఒకటిన్నర నుంచి రెండు లక్షల డాలర్లు. పలికింది కోటీ యాభై రెండు లక్షల డాలర్ల పైన. ఈ బొమ్మ కొన్నవాళ్ళకు ఆయన ఆడిన మ్యాచుల స్కోర్లు గుర్తున్నాయా అంటే అనుమానమే. అందులో ఫుట్‌బాల్ లేదు. చేతులు పైకెత్తి, నడుములు మెలితిప్పి, కళ్ళు మూసుకుని జనం చిందేస్తుంటారు, అంతే.

పేరు వల్ల పలికిన ధర, పని వల్ల పలికిన ధర వేరని తెలియడానికి ఈ రెండు వేలాలూ పక్కపక్కన పెడితే చాలు. మిగిలిన చర్చ అంతా బార్న్స్ దగ్గరే.

ఒంటికి తెలిసింది చేతికి దిగడం

బార్న్స్ 1938లో ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో పుట్టాడు. నల్లవాళ్ళకు వేరే బడి, వేరే బెంచీ ఉన్న రోజులు. లావుగా, బిడియంగా ఉండే పిల్లాడు. తోటివాళ్ళు ఏడిపిస్తుంటే స్కెచ్ బుక్కు పట్టుకుని మూల దాక్కునేవాడు. అలా దాక్కున్నప్పుడు చూసిన మాస్టారొకాయన, తనే వ్యాయామం బాగా చేసేవాడు, ఈ పిల్లాడి చేత బరువులెత్తించాడు. అంటే బార్న్స్‌కు బొమ్మ ముందు, ఆట తరవాత. కాలేజీలో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు వచ్చింది, మెయిన్ సబ్జెక్టు మాత్రం చిత్రకళ తీసుకున్నాడు. అక్కడ శిల్పి ఎడ్ విల్సన్ పాఠం చెప్పేవాడు. ఆడేటప్పుడు నీ ఒంట్లో ఏమవుతోందో గమనించు, దాన్ని వెయ్యి, అన్నాడు.

ఆ కాలంలోనే క్లాసు పిల్లలతో ఒక మ్యూజియానికి వెళ్ళి, నల్ల చిత్రకారుల బొమ్మలు ఎక్కడున్నాయని అడిగాడు. మీవాళ్ళు తమ భావాలను అలా చెప్పుకోరు, అని జవాబొచ్చింది. ఇరవై ఏళ్ళ పైచిలుకు గడిచాక అదే మ్యూజియంలో ఒక్కడి ప్రదర్శన పెట్టాడు.

విల్సన్ మాట పని చేసిన తీరు బార్న్స్ బొమ్మ దేన్ని చూసినా కనిపిస్తుంది. చేతులు, కాళ్ళు, మెడలు కొలతకు మించి సాగిపోయి ఉంటాయి. కెమెరా ముందు మనిషి అలా ఉండడు. కానీ బంతి అందుకోడానికి పూర్తిగా సాగినప్పుడు ఆ చెయ్యి లోపలి నుంచి ఎంత పొడుగనిపిస్తుందో, అంత పొడుగు వేశాడు. మొదట్లో చెప్పిన కబడ్డీ ఫొటో తప్పు ఇక్కడ అర్థమవుతుంది. కెమెరా చర్మం బయట నిలబడి చూస్తుంది.

ఇది ఊరికే కవిత్వం కాదనడానికి ఒక ప్రయోగం ఉంది. రోమ్ పరిశోధకులు 2008లో ప్రచురించారు. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేస్తున్న వీడియో చూపించి మధ్యలో ఆపేస్తారు. బంతి బుట్టలో పడుతుందా పడదా చెప్పాలి. పెద్ద స్థాయి ఆటగాళ్ళు, కోచ్‌లూ స్పోర్ట్స్ విలేకరులూ, ఆట తెలియని మామూలు మనుషులు - ఈ మూడు గుంపులను కూచోబెట్టారు. కోచ్‌లు, విలేకరులు చూసిన మ్యాచులకు లెక్కలేదు. అయినా ఆటగాళ్ళే ముందుగా, ఎక్కువ కచ్చితంగా చెప్పారు. బంతి చెయ్యి వదలకముందే, వేస్తున్నవాడి ఒంటి కదలికను బట్టి కనిపెట్టేశారు. ఎంత చూసినా రానిది, రోజూ చేస్తే వచ్చేది ఏదో ఉంది. మన కుర్రాడికి గోడ బొమ్మ చూసిన రెండు నిమిషాల్లో పట్టుబడింది అలాంటిదే.

దీనికి విమానమెక్కి అమెరికా వెళ్ళక్కర్లేదు. నెల్లూరు నుంచి మూడు గంటలు రైల్లో వెళ్తే మెరీనా బీచి. అక్కడ బండరాయిని కదిలిస్తున్న నలుగురు శ్రామికుల కంచు విగ్రహం ఉంది కదా, మనవాళ్ళంతా దాని ముందు ఫొటో దిగి బజ్జీలు తిని వచ్చేస్తారు. 1959లో పెట్టారు. చేసింది దేవీప్రసాద్ రాయ్ చౌదరి. దాదాపు మూడు దశాబ్దాలు మద్రాసు ఆర్ట్స్ స్కూలుకు పెద్దగా ఉన్నాడు, లలిత కళా అకాడమీకి మొదటి ఛైర్మన్. ఆయన కుస్తీ పట్టేవాడు. పోటీల్లో పతకాలు తెచ్చిన క్రీడాకారుడని చెప్పను. గోదాలో ఒళ్ళు అరగదీసుకున్నవాడని మాత్రం ఆ విగ్రహం చూస్తే ఒప్పుకోవాల్సిందే. ఈసారి వెళ్ళినప్పుడు ముఖాలు వదిలేసి పాదాలు చూడండి. నలుగురి బలమూ చేతుల్లోంచి రావడంలేదు, మడమల్లోంచి లేస్తోంది. పిక్క, తొడ, నడుము, భుజం దాటి గానీ బండరాయికి అందడంలేదు. ఒంగోలు దగ్గర బండలాగుడు చూసిన ఎవరికైనా అది తెలిసిన సంగతే.

అయితే ఒళ్ళు ఉంటే చాలదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే 'ఆడినవాడే గొప్ప చిత్రకారుడు' అనే ఇంకో మూఢనమ్మకం మొదలవుతుంది. డిస్కస్‌లో 1956 నుంచి 1968 దాకా వరసగా నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన ఆల్ ఓర్టర్ తరవాత నైరూప్య చిత్రకారుడయ్యాడు. ఒలింపిక్స్ ఆడిన కళాకారులందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చే సంస్థ కూడా పెట్టాడు. రంగు పోసి, దాని మీదికి డిస్కస్ విసిరి, ఆ చిమ్ముడుతో కొన్ని చిత్రాలు చేశాడు. టెన్నిస్ తార మార్టినా నవ్రతిలోవా కూడా ఒక చిత్రకారుడితో కలిసి, రంగులో ముంచిన బంతుల్ని కాన్వాసు మీదికి కొట్టి బొమ్మలు చేసింది. చూడ్డానికి సరదాగానే ఉంటాయి. కానీ అక్కడ ఆట రంగు మీద పడిందంతే, ఆటగాడికి తెలిసిన సంగతి బొమ్మలోకి దిగలేదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటారు.

ఇంగ్లండ్ వికెట్‌కీపర్ జాక్ రసెల్‌ది ఇంకో దారి. 54 టెస్టులు ఆడాడు. 1995లో జోహానెస్‌బర్గ్ టెస్టులో పదకొండు క్యాచులు పట్టాడు, అప్పటికది ప్రపంచ రికార్డు. అదే మ్యాచిలో కెప్టెన్ ఆథర్టన్‌కు తోడుగా 235 బంతులు ఆడి 29 పరుగులతో అజేయంగా నిలిచి టెస్టు కాపాడాడు. వాన పడి ఆట ఆగినప్పుడల్లా డ్రెస్సింగ్ రూములో మిగతావాళ్ళు పేకాడుతుంటే ఈయన స్కెచ్ బుక్కు తీసేవాడు. అదే వృత్తయి, ఇంగ్లండులో చిప్పింగ్ సాడ్‌బరీ అనే చిన్న ఊళ్ళో సొంత గ్యాలరీ నడిపాడు. 235 బంతుల పాటు ఒకే పని మీద మనసు నిలిపినవాడికి ఒక ఇటుక గోడ బొమ్మను ఇటుక ఇటుకగా వేసే ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా? ఆయనకు పనికొచ్చింది కండ కాదు, ఓపిక.

మన టైంటేబుల్లో శనివారం చివరి పీరియడ్

ఇంతమందిని వరసగా చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బార్న్స్ కాలేజీలో చిత్రకళ చదివాడు. 2001లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో, ఎగిరి బంతిని బుట్టలోకి కుక్కే డంక్ పోటీ గెలిచి, ఇప్పుడు పెద్ద పెద్ద కాన్వాసులు వేసే డెస్మండ్ మేసన్ కూడా కాలేజీలో ఆర్టే చదివాడు. కెనడా స్కేటర్ టోలర్ క్రాన్‌స్టన్, 1976 ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చినవాడు, అంతకుముందు మాంట్రియల్‌లో ఆర్టు స్కూలుకు వెళ్ళినవాడు. వీళ్ళెవరూ రిటైరయ్యాక కాలక్షేపానికి కుంచె పట్టలేదు. పొద్దున మైదానం, మధ్యాహ్నం స్టూడియో అనే టైంటేబుల్ వాళ్ళకు పదిహేడు పద్దెనిమిదేళ్ళకే దొరికింది. టాలెంటు అని మనం నోరు తెరిచే దానిలో సగం టైంటేబులే.

మా టైంటేబుల్ చెప్తాను. నేను చదివిన బళ్ళో శనివారం ఆఖరి పీరియడ్ ఎదురుగా 'డ్రాయింగ్/గేమ్స్' అని ఒకే గడిలో రాసి ఉండేది. అంటే రెంటిలో ఒకటే. పదో తరగతికి వచ్చేసరికి ఆ గడిని లెక్కల సారు తీసుకున్నారు, అంటే రెంటిలో ఏదీ లేదు. నేను వేసవిలో కూచుని డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయ్యాను, హయ్యర్‌కు వెళ్ళలేదు. మా క్లాసులో జిల్లా స్థాయికి ఖోఖో ఆడిన అమ్మాయి నాకంటే బాగా గీసేది. ఆ అమ్మాయి దగ్గర స్పోర్ట్స్ సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఆటకు ఒప్పుకున్నారు, కోటాలో ఉద్యోగం వస్తుందని. బొమ్మకు ఏ కోటా లేదు గదా.

ఇప్పుడు కడపలో ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. నెల్లూరు, ఒంగోలు పిల్లలకు మరీ దూరం కాదు. కానీ అక్కడికి చేరేలోపే ఇంటర్ హాస్టలు గేటు ఒకటి దాటాలి, అందులో గ్రౌండూ ఉండదు, డ్రాయింగ్ బల్లా ఉండదు. ఒకవేళ ఒక పిల్లకు ఆట అకాడమీలో సీటొచ్చినా, అక్కడ కుంచె పట్టుకుంటే "నీ ఫోకస్ పోతుంది" అంటారు. బార్న్స్‌ను కూడా కోచ్‌లు అలాగే అన్నారు. టీము మీటింగులో స్కెచ్‌లు వేసినందుకు జరిమానా వేశారు. ఆట మానేసే సమయానికి న్యూయార్క్ జెట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు యజమాని పిలిచి, ఆటగాడికిచ్చే జీతమే ఇస్తాను, నువ్వు బొమ్మలు వెయ్యి అన్నాడు. 1966లో న్యూయార్కులో మొదటి సొంత ప్రదర్శన అలా పెట్టగలిగాడు. ఇక్కడ అలాంటి యజమాని కోసం ఎదురుచూడమని నేను ఎవరికీ చెప్పను. ఇటుక పెంకు మాత్రం అన్ని బళ్ళ దగ్గరా దొరుకుతుంది. కోర్టు గీతలు గీయడానికి డ్రిల్లు సారు ఎలాగూ పురికొసా, ముగ్గుపిండీ తెస్తాడు. పది మీటర్లు, పదమూడు మీటర్లు, మధ్య గీత నుంచి 3.75 మీటర్లకు ఒక గీత, దాని తరవాత మీటరుకు బోనస్ గీత. ఆ కొలతలన్నీ సరిగ్గా గీయగలిగే పిల్లలకు, ఆ గీత మీద పడే కాలిని కూడా గీసి చూపించమంటే పోలా?

మా ఆర్టిస్టు ఆ సాయంత్రం ఊరుకోలేదు. తెల్ల ప్రైమర్ తెచ్చి గోడ మీద వెనక కాలిని మోకాలి దాకా చెరిపేశాడు. కుర్రాణ్ణి చప్టా మీద నిలబెట్టి, "ఏదీ, ఆ బోనస్ ఎట్టా కొడతావో కొట్టి చూపించు" అన్నాడు. వాడు రెండడుగులు ఊగి, కాలు విసిరి, వెనక్కి దూకేశాడు. చూసేలోపే అయిపోయింది. మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ అంతే. పది పన్నెండు సార్లు చేయించాడు, ఒక్కోసారికి ఒక్కో సుద్దగీత పడింది. పిక్క ఒకసారి, మడమ ఒకసారి, వేళ్ళు ముడుచుకోవడం ఒకసారి. పిల్లలు చుట్టూ చేరి వాడు దూకినప్పుడల్లా కూత పెడుతున్నారు. ఆఖరికి మా వాడికి విసుగొచ్చి, "ఒక్క నిమిషం అట్టానే ఆగరాదంట్రా" అన్నాడు.

"ఆగితే పట్టేస్తారన్నా."